వనంలో మా వాటా

పోయిన ఎండాకాలం మా తండాలో ఒక చర్చ మొదలైంది. రెండు ఊర్లు, రెండు తండాలు, మొత్తం నాలుగు పంచాయతీలు కలిసి ఒక పెద్ద వనం పెంచుదామని. ఎవరికి వారు అరెకరంలో, ఎకరంలో వేసుకున్న పల్లె ప్రకృతి వనాలు నీళ్ళు అందక చాలావరకు ఎండిపోయాయి. నాలుగు పంచాయతీలు కలిస్తే ఒక బోరు, ఒక కంచె, ఒక కాపలా మనిషి సరిపోతారు. పిల్లలు ఆడుకోవడానికి, ముసలివాళ్ళు కూర్చోవడానికి నీడ దొరుకుతుంది. మాట మంచిదే. నేను బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి లెక్క రాయడానికి నన్ను కూర్చోబెట్టారు.

కాగితం మీద మూడు గడులు గీశాను. పంచాయతీ పేరు, ఇచ్చే సొమ్ము, చేసే పని. మొదటి ఊరు బోరు, మోటారు ఒప్పుకుంది. రెండో ఊరు కంచె, గేటు. రెండో తండా కాపలా మనిషి కూలీలో కొంత భరిస్తానంది. మా తండా పంచాయతీకి సొంత ఆదాయం లేదు. ఇంటి పన్ను వసూలైతే వీధి దీపాలకే చాలదు. మా పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఎవరో "సున్నా పెట్టు సార్" అన్నారు. పెట్టాను.

ఆ రాత్రి మా యాడికి ఈ సంగతి చెప్పాను. ఆమె బడికి పోలేదు. మేకలు కాచింది, ఇప్పటికీ కాస్తుంది. "ఆ వనం ఎక్కడేస్తరు బేటా?" అని అడిగింది. "మన గుట్ట పక్కన, బంచరాయిలో" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "మరి సున్నా అని ఎట్ల రాసినవ్?" అంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్న మీదే. నలుగురు కలిసి ఒక ఉమ్మడి ఆస్తి చేసుకునేటప్పుడు ఎవరి వాటా ఎంత అని దేనితో కొలవాలి? సొమ్ముతోనా, భూమితోనా, అవసరంతోనా? ఇది లెక్కల ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ధర్మం అడిగే ప్రశ్న.

ముందుగా ఒక మాట. ఇరుగుపొరుగు పంచాయతీలు కలవడం తప్పు కాదు, అవసరం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఐదొందల జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. ఆ ఏడాది ఆగస్టు 2 నుంచి రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు తమ పాలన తాము చేసుకుంటున్నాయి. 'మా తండాలో మా రాజ్యం' అని ఎన్నో ఏళ్ళు అడిగితే వచ్చిన హక్కు అది. కానీ రాజ్యం చిన్నది, ఖజానా ఇంకా చిన్నది. ఒక ట్రాక్టరు నడపాలన్నా డీజిల్‌కు వెతుక్కోవాలి. ఇట్లాంటి చిన్న పంచాయతీలు ఒంటరిగా చేయలేనివి కలిసి చేయొచ్చు. మండలానికొక పెద్ద వనం ఉండాలని 2021లో ప్రభుత్వం బృహత్ పల్లె ప్రకృతి వనాలు మొదలుపెట్టింది కూడా ఈ ఆలోచనతోనే. పదెకరాల దాకా స్థలం, ఉపాధి హామీ కూలీలు, మండలమంతటికీ ఒక అడవి. రాజ్యాంగం కూడా దీన్ని ముందే ఊహించింది. 243 జెడ్‌డి అధికరణ ప్రకారం జిల్లా ప్రణాళిక కమిటీ పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఉమ్మడిగా ఉండే విషయాలు చూడాలి. నీళ్ళు, ఇతర సహజ వనరులు పంచుకోవడం, పర్యావరణాన్ని కాపాడడం అందులో ఉన్నాయి. అంటే పట్నం వేరు, పల్లె వేరు, తండా వేరు అని గీతలు గీసుకుని కూర్చోమని రాజ్యాంగం చెప్పలేదు.

జహీరాబాద్ చుట్టుపక్కల ఈ అవసరం రోజురోజుకూ పెరుగుతోంది. పట్నం ముంబై రోడ్డు పొడవునా సాగుతోంది. న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం అనుకున్న భూమి 12,635 ఎకరాలు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్ పారిశ్రామిక నగరానికి ఆమోదం ఇచ్చింది. ఫ్యాక్టరీలు వస్తాయి, మనుషులు వస్తారు, ఇండ్లు వస్తాయి. పట్నంలో ఇరుకు గల్లీలో ఉండే హమాలీ పిల్లలకు చెట్టు నీడ కావాలి. ఆ నీడకు స్థలం ఎక్కడ దొరుకుతుంది? రోడ్డు పక్క ప్లాట్లలో దొరకదు, అక్కడ గజం ధర చెప్పుకుంటున్నారు. చెరుకు తోటల్లో దొరకదు, అవి పట్టా భూములు. చివరికి అందరి చూపూ గుట్టల వైపు, ఎర్ర మొరం నేలల వైపు, బంచరాయి వైపు, గైరాన్ వైపు తిరుగుతుంది. ఆ నేలల పక్కన ఉండేవి ఎక్కువగా తండాలు. ఎందుకంటే మంచి నేలలో మమ్మల్ని ఎవరూ ఉండనివ్వలేదు.

కాబట్టి ఉమ్మడి వనం ఎక్కడ వేసినా సొమ్ము ఒకరిది, నేల ఇంకొకరి వాడుకలోది అవుతుంది. సొమ్ముకు రసీదు ఉంటుంది. నేల వాడుకకు రసీదు ఉండదు. మా గడిలో సున్నా పడింది అందుకే.

"ఆ నేల మీదెట్లా అయింది? అది సర్కారు భూమి" అని సమావేశంలో ఒక పెద్దమనిషి అన్నాడు. నిజమే, పట్టా మాది కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తండా పంచాయతీ వేరైంది గాని చాలాచోట్ల రెవెన్యూ గ్రామం వేరు కాలేదు. పహాణీలో ఆ గుట్ట ఇప్పటికీ పాత ఊరి పేరు మీదే ఉంది. పైగా మాది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆదిలాబాద్ గూడేనికి, భద్రాచలం వైపు గూడేనికి ఉన్న 1996 పీసా చట్టం మైదాన ప్రాంతపు తండాకు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమికే గాని బంచరాయికి కాదు. అంటే మమ్మల్ని అడగకపోతే ఆ పని ఆపడానికి మా చేతిలో పెద్ద కాగితం ఏదీ లేదు. సరిగ్గా అందుకే ఇది ధర్మం ప్రశ్న అంటున్నాను. చట్టం అడగమని గట్టిగా చెప్పని చోట అడగడమే ధర్మం.

అయినా చట్టం పూర్తిగా మౌనంగా లేదు. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఒక సంగతి గుర్తు చేసింది. ఊరుమ్మడి భూములు తరతరాలుగా పశువుల మేతకు, కల్లాలకు, చెరువులకు, పిల్లల ఆటలకు ఊరంతా వాడుకున్నవని, వాటిని ఆక్రమణల నుంచి కాపాడి ఊరి వాడుకకే ఉంచాలని చెప్పింది. అంటే సర్కారు భూమి అన్నంత మాత్రాన ఎవరికీ కాని భూమి అని కాదు. దాని మీద వాడుక ఉంటుంది, జ్ఞాపకం ఉంటుంది. మా గుట్ట కింద వేప చెట్టు దగ్గర సీత్లా యాడి ఏడు రాళ్ళు ఉన్నాయి. వానాకాలంలో పండుగనాడు పశువులను ఆ రాళ్ళ ముందు నుంచి దాటిస్తాం, రోగం రావద్దని మొక్కుతాం. ఆ చెట్టు కంచె లోపలికి పోతే పశువులు ఎట్లా దాటాలి? గేటుకు టైమింగులు పెడితే అమ్మవారికి కూడా టైమింగులేనా?

ఇక్కడ దూరదేశపు కథ ఒకటి చెప్పాలి, మన లెక్కకు పనికొస్తుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున ఓక్లాండ్, బర్క్‌లీ లాంటి ఏడు పట్నాలు ఉన్నాయి. 1934లో, పనులు లేక జనం అల్లాడుతున్న కాలంలో, ఆ ఏడు పట్నాల ప్రజలు ఓటు వేసి ఒక ఉమ్మడి పార్కుల సంస్థ పెట్టుకున్నారు. నూరు డాలర్ల ఆస్తి విలువకు ఐదు సెంట్ల పన్ను. వందలో డెబ్బై మందికి పైగా ఒప్పుకున్నారు. నీళ్ళ సంస్థ దగ్గర మిగిలిపోయిన గుట్టలు కొని పార్కులు చేశారు. ఈనాడు ఆ సంస్థ చేతిలో లక్షా ఇరవై వేల ఎకరాలకు పైగా ఉంది.

ఈ కథలో ఒక మంచి, ఒక లోటు ఉన్నాయి. మంచి ఏమిటంటే ఆస్తి ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ ఇచ్చాడు, తక్కువ ఉన్నవాడు తక్కువ ఇచ్చాడు, పార్కు గేటు దగ్గర మాత్రం ఇద్దరూ సమానం. బీదవాడి తక్కువను ఎవరూ సిగ్గుగా చూడలేదు. ఇక లోటు. ఆ గుట్టల్లో, ఆ తీరంలో వేల ఏండ్లు బతికిన ఓలోనీ అనే ఆదివాసులు ఉన్నారు. అంతకు ముందే క్రైస్తవ మిషన్లు, ఆ తర్వాత పశువుల రాంచీలు వాళ్ళ నేలను లాక్కున్నాయి. 1934 లెక్కలో పన్ను కట్టేవాళ్ళ గడి ఉంది, నేల అమ్మేవాళ్ళ గడి ఉంది, నేల పోగొట్టుకున్నవాళ్ళ గడి లేదు. ఇవాళ అదే పార్కుల్లో ఒకదానిలో ఓలోనీల పాత ఊరి స్థలాన్ని జాగ్రత్తగా కాపాడి పిల్లలకు చూపిస్తున్నారు. గుర్తించడం మంచిదే. అయితే నేల ఉన్నప్పుడు రాయని పేరు ఆ నేల పోయాక బోర్డు మీద రాయడం ఎంత ఆలస్యం! 1872లో ఎల్లోస్టోన్ నుంచి మొదలు, లోకంలో చాలా పార్కుల కథ ఇదే. ముందు మనుషులను బయటికి పంపి, తర్వాత ఆ చోటును కన్యగా ఉన్న ప్రకృతి అన్నారు.

కాబట్టి మా యాడి ప్రశ్న చిన్నది కాదు. కానీ ఇక్కడ నన్ను నేను కూడా అడగాల్సింది ఒకటుంది.

మొదట ఆ సున్నా చూసి నాకు కోపం వచ్చింది. "అయితే ఇవ్వం. గుట్ట మాది" అని చెప్పాలనుకున్నాను. తండాలో కొందరు యువకులు అదే అన్నారు. అప్పుడు ఒక ముసలి నాయక్ మమ్మల్ని కూర్చోబెట్టి లదేణి రోజుల గురించి చెప్పాడు. లదేణి అంటే ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊర్లు తిరిగి బేరం చేయడం. మన తాతల తాతలు వందల ఎద్దులతో ఈ దక్కను నేలంతా తిరిగారు. దండులకు ధాన్యం మోశారు. రైలు వచ్చి ఆ బతుకు పోయేదాకా అదే మన వృత్తి. ఆ ఎద్దులు రాత్రి ఎక్కడ మేశాయి? ఎవరి నేల మీద? ఏ ఊరి బంచరాయి మీదనో, ఏ చెరువు శిఖంలోనో. ఆ ఊర్లవాళ్ళు 'మాది' అని కర్ర పట్టుకుని నిలబడి ఉంటే ఇవాళ మనం లేము. "పరాయి ఊరి గడ్డి తిని బతికినోళ్ళం మనం. గుట్ట మాది అనొద్దు. గుట్ట మీద మాకు కూడా పని ఉంది అనాలె" అన్నాడు ఆ పెద్దాయన.

నాకు ఈ మాట చాలా రోజులు పట్టుకుంది. ఎందుకంటే ఆ గుట్ట మీద మేము ఒక్కళ్ళమే లేము. ఊరి మాదిగవాడ మేకలు కూడా అక్కడే మేస్తాయి. పుల్లలకు వచ్చే ముస్లిం ఆడవాళ్ళున్నారు. సీతాఫలాల కాలంలో పట్నంలో బుట్ట పెట్టుకుని అమ్ముకునే వాళ్ళున్నారు. 'మాది' అన్న మాటతో మేము కంచె వేస్తే అది కూడా కంచే. సొమ్ము ఉన్నవాడి 'మాది' తప్పయితే, ముందు నుంచి ఉన్నవాడి 'మాది' అంతా ఒప్పు అయిపోదు. తేడా ఉంది, అది నేను ఒప్పుకుంటాను. సొమ్ము ఉన్నవాడికి వేరే చోటు ఉంటుంది, మేకలవాడికి ఉండదు. కానీ ఆ తేడా మాకు ముందు మాట్లాడే హక్కు ఇస్తుంది, ఒక్కళ్ళమే ఉండే హక్కు ఇవ్వదు.

సరిహద్దు అవతల చూసినా ఇదే అర్థమవుతుంది. జహీరాబాద్‌కు నైరుతి దిక్కున కర్ణాటకలో చించోళి అడవి ఉంది. 2011లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యం చేశారు. ఆ అడవిలోనూ మన తండాలు ఉన్నాయి. మన ఆడబిడ్డలను అక్కడికి ఇచ్చాం, అక్కడి పిల్లలను కోడళ్ళుగా తెచ్చుకున్నాం. ఇక్కడ 1976 చట్టంతో మనం షెడ్యూల్డ్ తెగ. అక్కడ అదే మనిషి షెడ్యూల్డ్ కులం. ఇంకాస్త పైకి మహారాష్ట్రకు పోతే మరో జాబితా. ఇట్లా మనుషులను గీతలు ఎట్లా కోస్తాయో మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నెమలి, దుప్పి, వాన నీరు ఆ గీత చూడవు. నాలుగు పంచాయతీల మధ్య గీతను మనమే మొండిగా పట్టుకుంటే ఎట్లా?

మరి ఇవ్వాలి, కానీ సున్నాగా కాదు. ఎట్లా? దీనికి దారి దూరదేశంలో వెతకాల్సిన పని లేదు, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లోనే ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత ఆడవాళ్ళవి, తొంభైల్లో ఒక ధాన్యం నిధి నడిపాయి. పడావు పడిన భూములను సాగులోకి తెచ్చుకోవడానికి బీద రైతులకు పెట్టుబడి ఇచ్చారు. తిరిగి కట్టింది నోట్లుగా కాదు, జొన్నలుగా, కొన్ని ఏండ్ల పాటు. ఆ జొన్నలు ఊర్లోనే నిల్వ చేసి బీదవాళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత బీదవాళ్ళో ఆఫీసులో కార్డు చూసి కాదు, ఊరు కూర్చుని, ఇంటింటినీ తలుచుకుని తేల్చింది. నాకు ఇందులో రెండు పాఠాలు కనిపిస్తాయి. ఒకటి, వాటా అంటే నోట్లే కానక్కర లేదు, ఎవరి దగ్గర ఏది ఉంటే అదే వాటా. రెండు, ఎవరికి ఎంత అవసరమో అవసరం ఉన్నవాళ్ళు ముందు కూర్చుంటేనే తెలుస్తుంది.

ఈ రెండూ మా వనానికి అన్వయిస్తే లెక్క ఇట్లా మారుతుంది. కాగితం మీద మూడు గడులు కాదు, ఐదు ఉండాలి. ఇచ్చే సొమ్ము, చేసే పని తర్వాత 'వదులుకునేది' అని ఒక గడి, 'అవసరం' అని ఒక గడి. మా తండా వదులుకునేది పది ఎకరాల మేత. అందులో సగం మేకలు అమ్ముకోవాల్సి వచ్చే ఇండ్లు కొన్ని ఉన్నాయి. అది ఏ బోరు ధర కన్నా తక్కువ కాదు. అది రాసిన తర్వాత, వనం కమిటీలో కుర్చీలు సొమ్మును బట్టి కాక, ఎవరు ఎంత వదులుకున్నారో దాన్ని బట్టి కూడా పంచాలి. గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో అప్పుడు తేలుతుంది. కాపలా పని, నర్సరీ పని ముందు మేకలు వదులుకున్న ఇండ్లకు దక్కాలి. పట్నం కూడా ఈ నీడకు వచ్చేటట్టయితే పట్నం కూడా వాటా కట్టాలి, ఫ్యాక్టరీలు వస్తే వాటి వాటా ఇంకా పెద్దదిగా ఉండాలి. నీడ కావాల్సినవాడు ఎక్కువ సంపాదించేవాడైతే ఎక్కువ ఇవ్వడం న్యాయం.

మా వైపు నుంచి కూడా ఇవ్వాల్సింది ఉంది. మేక లేత మొక్కను బతకనివ్వదు, ఇది మేకలు కాచేవాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని పంచాయతీ చట్టం సర్పంచుల మెడ మీద కత్తి పెట్టింది. మేకను చూస్తే సర్పంచ్ కర్ర తీసేది దుర్మార్గంతో కాదు, ఆ భయంతో. కాబట్టి ఒక వైపు మూడేండ్లు మూసి, ఇంకో వైపు తెరిచి ఉంచుదాం. మొక్కలు మేకకు అందనంత ఎత్తు పెరిగాక వంతు మార్చుదాం. మూసిన వైపు మా మేక పోతే జరిమానా మేమే కట్టుదాం. మోదుగ, తంగేడు, పరికి, సీతాఫలం, వేప, చింత, ఇట్లా మేతకు, ఆకుకు, పండుకు పనికొచ్చేవి నాటుదాం. రంగు పూల వరుసలు గేటు దగ్గర రెండు చాలు. వేప కింద ఏడు రాళ్ళ దగ్గరికి పశువుల దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఆ దారికి తాళం ఉండకూడదు.

ఇవన్నీ రాసుకుని రెండో సమావేశానికి పోయాను. పాత ఊరి సర్పంచ్ సాబ్ కాగితం చదివి, "వదులుకునేది అని గడి పెడితే రేపు అందరూ ఏదో ఒకటి రాస్తారు కదా సార్" అన్నాడు. న్యాయమైన మాట. "రాయనియ్యండి సాబ్. రాసిందాన్ని నలుగురి ముందు చదివితే అబద్ధం నిలవదు" అన్నాను. చాలాసేపు వాదన నడిచింది. చివరికి గడి ఉంచారు. కుర్చీల సంగతి తర్వాత చూద్దామన్నారు. జరిమానా మాట మాత్రం వెంటనే ఒప్పుకున్నారు! పశువుల దారి గీతను మ్యాపులో పెన్సిల్‌తో గీశారు, ఇంకు పెట్టలేదు.

ఇంతవరకే జరిగింది. ఇదేం గెలుపు కాదు. కానీ మా పేరు ఎదురుగా సున్నా లేదు. ఇంటికి వచ్చి యాడికి చదివి వినిపించాను. "పది ఎకరాల మేత" అన్న చోట ఆగి మళ్ళీ చదవమంది. తర్వాత, "పెన్సిల్‌ది చెరిగిపోతది బేటా. ఇంకు పెట్టేదాకా పో" అంది.

వచ్చే సమావేశం సీత్లా పండుగకు ముందే ఉంది. పోతాను.